ముళ్లెలుకలకు వదిలిన తోట

సౌదీలోని అభాలో నేను తోట పని చేసిన ఇంట్లో పెద్దావిడను తేలు కుట్టింది. ఆమె మా కఫీల్‌కు తల్లి. కఫీల్ అంటే నా వీసాకు పూచీ ఉన్న యజమాని. ఆయన వద్దంటే నేను విమానం ఎక్కాల్సిందే. పెద్దావిడకు రోజూ సాయంత్రం పెరట్లో అంజీర చెట్టు కింద చెప్పులు విడిచి, తడి మట్టి మీద కాళ్లు చాపుకుని కూర్చునే అలవాటు. ఆ రోజు మడమ కింద తేలు పడింది. ఆసుపత్రిలో సూదులు వేసి, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. ఆమె తొందరగానే కోలుకుంది. కొడుకే కోలుకోలేదు.

ఆ శుక్రవారం ఆయన పెరట్లోకి వచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, మొత్తం ఇంటర్‌లాక్ టైల్స్ పరిపిస్తానని చెప్పాడు. మట్టి లేకపోతే తేలు ఉండదు, అదీ ఆయన లెక్క. నా లెక్క ఇంకొంచెం ముందుకు పోయింది. మట్టి లేకపోతే తోట ఉండదు, తోట లేకపోతే తోటమాలి ఉండడు. నా ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు మీద, నేను చేయదగ్గ పని అదొక్కటే రాసి ఉంది. ఊళ్లో మా వాడు ఇంజనీరింగ్‌లో అప్పుడే చేరాడు. వాడి చదువు అయ్యేదాకా ఎలాగోలా ఇక్కడే నెట్టుకురావాలని నేను అనుకుంటున్న రోజులవి.

కఫీల్ మనిషి చెడ్డవాడు కాదు. ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, ఎప్పుడు కనిపించినా అన్నం తిన్నావా అని అడుగుతాడు. కానీ తల్లి కాలికి ముల్లు గుచ్చుకున్నా ఇల్లు పీకి పందిరి వేస్తాడు. టైల్స్ కొలత తీయడానికి ఆయన పిలిపించినవాడు ఎవరో కాదు, మా జగిత్యాల వైపు అన్నే. రెండూళ్ల అవతలివాడు. ఇక్కడ అభాలోనే టైల్స్ మేస్త్రీ. ప్రతి శుక్రవారం నా గదికి వచ్చి, ఇద్దరం కోడికూర వండుకుని తినేవాళ్లం. ఆ శుక్రవారం ముందు టేపు పట్టుకుని పెరడు కొలిచి, తరువాత చేతులు కడుక్కుని కూరకు కూర్చున్నాడు. నేను కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆ సంగతి అతను చూశాడు.

"నేను గాకుంటే ఇంకోడు పరుస్తడు తమ్మీ. నేనైతే జర లేటన్న జేస్త" అన్నాడు.

టైల్స్ వద్దన్నది పెద్దావిడే. ఆమె కొండ అంచున మెట్లు మెట్లుగా కట్టిన పొలాల మధ్య పుట్టి పెరిగింది. రాళ్ల గట్లు, వాన నీళ్లు, జొన్న చేలు. ఆమెకు పెరడంటే తన రుద్రజడ, తన పుదీనా, తన సదాపాకు. తలలో పెట్టుకోవడానికి రుద్రజడ కొమ్మ రోజూ తన చేత్తోనే తుంచుకునేది. తేలు కుట్టాక కొడుకు ఆమెను పెరట్లోకి రానివ్వలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేయించాడు. నేను కొమ్మ తుంచి కిటికీలోంచి అందిస్తే, ఇది ముదిరింది, ఆ పక్కది తుంచు అని వంకలు పెట్టేది. నన్ను వలద్ అని పిలిచేది. అంటే పిల్లాడా అని. నా మీసం నెరిసిపోయి చాలా కాలమైంది.

ఒక సాయంత్రం ఆమె కిటికీలోంచి అడిగింది, ఇదివరకు ఆకుల్లో గుసగుసమని తిరిగే గున్‌ఫుద్‌లు ఇప్పుడు వినపడటం లేదేమని. నాకు మొదట అర్థం కాలేదు. ఆమె రెండు చేతులూ ముడిచి, వేళ్లు ముళ్లలా నిక్కబొడిచి చూపించింది. అప్పుడు తెలిసింది. నేను ఏదుపంది పిల్లలనుకుని బయట పారేస్తున్నవి అవే.

మా దగ్గర ఏదుపంది అంటే రైతుకు పగవాడు. ఒక్క రాత్రి దూరిందంటే చిలగడదుంప మడి ఉన్నపళంగా తవ్వి పోస్తుంది, మక్క కంకులు కొరికి పారేస్తుంది. ముళ్లు కనపడగానే నాకు మా నాయన కర్ర పట్టుకుని చేను చుట్టూ పరిగెత్తడమే గుర్తొచ్చింది. నల్ల మూతి, నుదుటి మీద తెల్లటి పట్టీ, వెడల్పు చెవులు. ఇంత చిన్నగా ఉన్నాయంటే ఇంకా పిల్లలు, పెరిగాక నా క్యారెట్ మడి గతేం కాను అనుకుని, కనపడినదాన్నల్లా పారతో ఎత్తి గోడ అవతల వదిలాను. తిరిగి రాకుండా గోడ కింది సందులన్నీ రాళ్లతో బిగించాను. చేసిన పని మంచిదనే అనుకున్నాను.

ఆ సంగతి పెద్దావిడకు చెప్పాను. అవి ఎదిగేదే అంత, దుంపలు తినవు, పురుగులు తింటాయి, తేళ్లు తింటాయి అంది. "కాపలావాళ్లను బయటికి పంపి, దొంగల్ని లోపల పెట్టుకున్నావు, వలద్" అంది. తెలుగులో వాటిని ముళ్లెలుక అంటారని ఆ తరువాత ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను.

ఆమె అదే మాట కొడుకుతోనూ అంది. ఆయన నవ్వాడు. కానీ తల్లి మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎండాకాలం ముగిసి, రియాద్ నుంచి వచ్చే చుట్టాలు తిరిగి వెళ్లాక ఆయనే పెరడు తనిఖీ చేస్తాడు. తేలు కనపడిందా, మర్నాడే టైల్స్. కనపడకపోతే తోట ఉంటుంది, తల్లి మళ్లీ అంజీర చెట్టు కింద కూర్చోవచ్చు. నాతో విడిగా ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

అలా నా ఉద్యోగం ముళ్లెలుకల చేతికి పోయింది. వాటిని బయటికి తోలినవాణ్ని, ఇప్పుడు రండమ్మా రండని పిలవాలి.

మొదట గోడ కింది రాళ్లు ఊడబీకాను. నేను బిగించినవే, ఎంత గట్టిగా బిగించానో అప్పుడు తెలిసింది. సందులు పెద్దవైతే కోతులతో తంటా. ఇక్కడి కోతులు మన కొండముచ్చుల కంటే బలమైనవి, కుక్కమూతి, గుంపులు గుంపులుగా వచ్చి దానిమ్మకాయలు పిందెగా ఉండగానే ఖాళీ చేస్తాయి. వాటి కోసమే గోడ మీద జాలీ, దాని మీద ఇంకో జాలీ. అందుకని అన్న ఒక ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి గోడలో ఇమిడ్చి సిమెంటు పెట్టాడు. నా పిడికిలి దూరేంత వెడల్పు. ముళ్లెలుక ఇట్టే దూరుతుంది, కోతి చెయ్యి పెట్టినా దానికి అందేదేమీ లేదు. నా పని నిలబెట్టే సిమెంటు టైల్స్ మేస్త్రీ చేత కలిపించానని ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

తరువాత నీళ్ల తొట్టి. మొక్కలకు నీళ్లు పట్టే సిమెంటు తొట్టి నేలమట్టానికి ఉంటుంది. అందులో ఏదైనా పడితే నున్నటి గోడలెక్కి బయటికి రాలేదు. లోపల ఇటుకలు మెట్లుగా పేర్చాను. చిక్కుడు పందిరి వల నేలను తాకుతుంటే జానెడు ఎత్తుకు కట్టాను, ముళ్లు వలలో చిక్కుకుంటే అది గింజుకున్న కొద్దీ బిగుసుకుంటుంది. ఎలుకల మందు గుళికలు ఏరి పారేశాను. పురుగుల మందు డబ్బా కఫీల్ ఎదుటే చెత్తబండిలో వేశాను. పురుగులు చస్తే వాటికి తిండి ఏది? మందు తాగిన పురుగును తిన్నా అవి బతకవు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కష్టమంతా చేతులు ముడుచుకుని కూర్చోవడంలో ఉంది. మాది పసుపు, మక్క పండించిన ఇల్లు. రాలిన ఆకు కనపడితే ఊడ్చాలి, ఎండిన కొమ్మ కనపడితే కుప్ప వేసి తగలబెట్టాలి, గడ్డి మడమ దాటితే కోయాలి. లేకపోతే ఊరంతా ఆ చేను సోమరిపోతుదని చెప్పుకుంటుంది. ఇప్పుడు ఆకులు అలాగే ఉండాలి. కొమ్మల కుప్ప మూలన అలాగే పడి ఉండాలి, ఎందుకంటే వాటి ఇల్లు అదే. దానికి నిప్పు పెట్టడమంటే ఇంటికి నిప్పు పెట్టడమే. గోడ పక్క గడ్డి పెరగనివ్వాలి. మిగతా గడ్డి కోసే ముందు కర్రతో మెల్లగా కదిపి చూసుకోవాలి. తోట చూస్తే నాకే సిగ్గేసేది. కఫీల్ స్నేహితులు వచ్చినప్పుడు నేను ఆ చివరికి పోయి ఏదో పని ఉన్నట్టు నిలబడేవాణ్ని. మీ తోటమాలి ఊరికి పోయాడా అని వాళ్లలో ఒకాయన అడిగాడు కూడా.

చాలా రోజులు ఏదీ రాలేదు. ఇక రావు అనుకున్నాను. నేనైతే పారతో ఎత్తి పారేసిన చోటికి మళ్లీ పోతానా? ఒకరోజు పొద్దున తొట్టి పక్క తడి మట్టిలో చిన్న చిన్న అడుగులు కనిపించాయి. ఎలుకవి కావు. ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ అవుతుండగా కొమ్మల కుప్పలో గుసగుస వినిపించింది, కిటికీలోంచి పెద్దావిడ "విన్నావా" అని చప్పట్లు చరిచింది. నాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంటికి ఫోన్ చేసి మా వాడికి చెప్పాను. ఎలుక వచ్చిందని ఫోన్ చేశావా నాన్నా అన్నాడు.

ఎండాకాలం మధ్యలో ఆ కుప్పలోనే అది పిల్లల్ని పెట్టింది. ఎన్నో చూడలేదు, చూడటానికి కుప్ప కదపలేదు. కదిపితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందని పెద్దావిడ గట్టిగా చెప్పింది. రాత్రిపూట కోడి మాంసం ముక్కలు, మంచినీళ్ల మూకుడు పెట్టేవాణ్ని, అంతే.

అప్పుడే అన్న మా కొంప ముంచేశాడు. శ్రావణ మాసం. ఆ శుక్రవారం నేను కూర చూసుకుంటుంటే అతను పెరట్లోకి పోయాడు. గోడలో తనే పెట్టిన రంధ్రం, దాని పక్క మట్టి, లోపల ఒక ప్రాణి. నాగులపంచమికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టినవాడు, అంతకంటే ఆలోచించలేదు. వచ్చేటప్పుడు కొన్న పాల డబ్బా అంతా మూకుడులోకి వంచి, చేతులు జోడించి వచ్చాడు. నాతో చెప్పలేదు. దేవుడికి పెట్టినది చెప్పుకోకూడదట.

మర్నాడు ఎండ ఎక్కాక తల్లి ముళ్లెలుక గడ్డిలో పడి ఉంది. పగలు అది బయట కనపడకూడదు. చుట్టూ విరేచనం, ఈగలు. ముట్టుకుంటే ముడుచుకునే ఓపిక కూడా లేదు. ఖాళీ మూకుడు వాసన చూస్తే పాలు. కిటికీలోంచి పెద్దావిడ చూసి, పాలు పోశావా, వాటికి పాలు అరగవు, చంపేస్తావా అని నన్నే తిట్టింది. నేను పోయలేదని చెప్పే తీరిక లేదు. ఆమె చెప్పినట్టే అట్టపెట్టెలో పాత తువ్వాలు వేసి పడుకోబెట్టి, వేలితో చుక్క చుక్క నీళ్లు మూతికి తగిలించాను. పని మానేసి దాని పక్కనే కూర్చున్నాను. కుప్పలో దాని పిల్లలు ఉన్నాయి. అది చస్తే అవీ చస్తాయి. వాటితోపాటు నా వీసా కూడా. కానీ నిజం చెప్పాలంటే ఆ మధ్యాహ్నం నాకు వీసా గుర్తు రాలేదు. అది నీళ్లు మింగుతుందా లేదా అన్నదే చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రానికి మింగింది. చీకటి పడేసరికి పెట్టె అంచు గీరడం మొదలుపెట్టింది. కుప్ప దగ్గర వదిలితే లోపలికి పోయింది.

అన్నకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నాకంటే పెద్దవాడు, అయినా తిట్టాను. అతను అంతా విన్నాడు.

"పుట్టల ఉండేది ఏదైతేంది, పాలు పోస్తె పుణ్యమే గద అనుకున్న. ఇట్లయితదని నాకేమెర్క తమ్మీ" అన్నాడు.

తరువాతి శుక్రవారం వాళ్ల సైటులో మిగిలిన బండలు తెచ్చి, గోడ పక్క చిన్న గూడు కట్టాడు. వాన పడినా నీళ్లు రాకుండా కాస్త ఎత్తు మీద, లోపలికి వంకరగా దారి, పిల్లి మూతి పెట్టినా అందకుండా. పైన బండ మూత. మా ఊళ్లో ఇల్లు కట్టినంత శ్రద్ధగా మట్టసం చూసి మరీ కట్టాడు. ఆ రోజు కోడికూరలో మంచి ముక్కలు అతనికే వేశాను.

చుట్టాలు వచ్చి వెళ్లారు. మధ్యాహ్నపు వానలు తగ్గాయి. కఫీల్ ఎక్కడినుంచో నీలిరంగు టార్చి తెచ్చాడు. దాని వెలుతురులో తేలు పచ్చగా మెరుస్తుందట. ఒక సాయంత్రం చీకటి పడ్డాక లైట్లన్నీ ఆర్పించి, ఆయన ముందు, నేను వెనక. గోడ పగుళ్లు, తొట్టి అంచు, అంజీర చెట్టు మొదలు, పుదీనా మడి. వంగి వంగి చూశాడు. ఎక్కడ ఏ ఆకు మెరిసినా నా ప్రాణం పైకే పోయింది. ఒక చోట పచ్చగా కనపడితే ఇక అయిపోయిందనుకున్నాను. చూస్తే ప్లాస్టిక్ కవరు. ఆ మరుసటి సాయంత్రం మళ్లీ చూశాడు, ఆ వారమంతా చూశాడు. తేళ్లు లోకంలో లేకుండా పోయాయని నేను అనను. ఆయన టార్చికి మాత్రం ఒక్కటీ చిక్కలేదు. చివరి రోజు పిల్లలు మూడు తల్లి వెనక వరుసగా నడుస్తూ ఆయన బూటు పక్కనుంచే పోయాయి. ఆయన కదలకుండా నిలబడి చూశాడు.

మర్నాడు పెద్దావిడ పెరట్లోకి వచ్చింది. చెప్పులతోనే వచ్చింది, చెట్టు కింద కూర్చున్నాక విడిచింది. రుద్రజడ కొమ్మ తనే తుంచుకుంది. నేను గడ్డి కోసే మిషన్ తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

కఫీల్ నన్ను పిలిచి కూర్చోమన్నాడు. ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, తనే పోసి ఇచ్చాడు. తోట ఉంటుంది, టైల్స్ లేవు అన్నాడు. మా అమ్మా నువ్వూ చెప్పిందే నిజమైంది, ఊడ్చకపోతేనే మంచిది, కోయకపోతేనే మంచిది, మందు కొట్టకపోతేనే మంచిది అని వేళ్లు మడుస్తూ అన్నాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. తొట్టి నీళ్లు పైపుల్లో వాటంతట అవే పారుతున్నాయి, వారానికి ఒకసారి ఎవరైనా వచ్చి చూసుకుంటే చాలు అన్నాడు. అప్పుడు తల ఊపడం ఆపాను.

నన్ను వెళ్లగొట్టలేదు. తనాజుల్ ఇస్తానన్నాడు, అంటే వేరే కఫీల్ దగ్గర చేరడానికి అభ్యంతరం లేదనే ఒప్పుకోలు. మంచి మాట రాసిస్తానన్నాడు. నాకు చెడ్డ కోపం వచ్చింది. ఖహ్వా కప్పు పెట్టేసి బయటికి వచ్చి, కొమ్మల కుప్పను ఒక్క అగ్గిపుల్లతో తగలబెట్టేస్తే మళ్లీ నా అవసరం పడుతుంది కదా అని కూడా అనుకున్నాను. దాని ముందు నిలబడి చాలాసేపు చూశాను. గదికి పోయి బట్టలు సర్దుకున్నాను.

ఆ శుక్రవారం అన్న అంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియనట్టు మొహం పెట్టాడు.

"తోటకు నీతోని పనే లేకుంట జేసినవ్ గద తమ్మీ" అన్నాడు.

అన్నవాడే తన ఫోర్‌మన్‌తో మాట్లాడి, తన కంపెనీలో నాకు చోటు ఇప్పించాడు. ఇఖామా మార్పించుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. మా వాడి చదువు ఆగలేదు. ఇప్పుడు నేను అన్న కింద ఇంటర్‌లాక్ టైల్స్ పరిచే పనిలో ఉన్నాను. మేము పోయే ఇళ్లలో చాలామటుకు పెరట్లే. మట్టి చదును చేసి, ఇసుక పోసి, రాయి పేర్చి, కొట్టి బిగిస్తాం. పని అయ్యాక చీపురుతో ఊడిస్తే అద్దంలా ఉంటుంది. ఇంటివాళ్లు సంతోషిస్తారు.

మట్టి చదును చేసే ముందు నేను ఒకసారి పెరడంతా తిరుగుతాను. చెక్కలు ఎత్తి చూస్తాను, చెత్త కుప్పలు చేత్తో విప్పుతాను. పని మొదలు పెట్టనీయవని అన్న గొణుగుతాడు, గొణుగుతూనే బకెట్ అందిస్తాడు. దొరికిన ముళ్లెలుకల్ని దోసిట్లో ఎత్తి, బకెట్‌లో ఆకులు పరిచి, అందులో వేసి, పని దిగాక పాత ఇంటికి తీసుకెళ్తాను.

మొన్న కూడా వెళ్లాను. గేటు కొడితే లోపలినుంచి పెద్దావిడ ఎవరని అడిగింది. చెప్పాను. తలుపు కొంచెం తెరిచి బకెట్‌లోకి తొంగి చూసింది. తల్లీ, ఒక పిల్లా. కఫీల్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. మగవాళ్లు లేని ఇంట్లోకి పరాయి మనిషిని రమ్మనడం వాళ్ల పద్ధతి కాదు. పని చేసినన్నాళ్లూ రోజూ తిరిగిన పెరడే, కానీ ఇప్పుడు నేను ఆ ఇంట్లో పనివాణ్ని కాను.

"వీటికి చోటుంది, వలద్" అంది.

రెండు చేతులా బకెట్ అందుకుని లోపలికి వెళ్లింది, తలుపు దగ్గరికి వేసుకుంది. గోడ అవతల ఆకుల మీద ఆమె నడక వినిపించింది. ఖాళీ బకెట్ కోసం నేను బయటే నిలబడ్డాను.